ఆమెన్ తర్వాత బండి ఆగదు

నవంబరు 4

ప్రియమైన అమ్మడూ,

ప్రభువు నామంలో వందనాలు. ఇలా మొదలుపెడితే మీ అమ్మ రాసినట్టు ఉంటుందని తెలుసు. మన ఇంట్లో వందనాల శాఖ ఆవిడది. ఖాళీ పడింది కాబట్టి అదనపు బాధ్యతగా నేను చూస్తున్నాను.

ఫోను వద్దన్నానని అల్లుడు నొచ్చుకున్నాడట. నొచ్చుకోవద్దని చెప్పు. ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది. కుడిది మనసైతే పని చేస్తుంది. ఫోనులో మన పిచ్చుక ఏదో చెబుతుంది, నేను ఇంకేదో విని నవ్వుతాను. ఎనిమిదేళ్ళ మనవరాలి దగ్గర అంత వెర్రివాణ్ణి కావడం ఎందుకు? కాగితమైతే తిప్పి చదువుకోవచ్చు.

ఇక అసలు సంగతి. సముద్రం దగ్గరి అతిథి గృహంలో మన గదులు ఎప్పటిలాగే ఉంచమని రాసేశాను. టైమ్ టేబుల్ కూడా వేశాను. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో వేసినవాణ్ణి, ఒక్క వ్యానుకు వెయ్యలేనా? బయలుదేరడం ఆరు గంటలకు. ప్రార్థన నాలుగు నిమిషాలు. మొదట ఆగేది ఎనిమిదీ పదిహేనుకు, రెండోసారి పదీ నలభైకి. ఆమెన్ తర్వాత మధ్యలో బండి ఆగదు. మన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ప్రార్థన నాలుగు నిమిషాలని ఏటా రాసేవాణ్ణి. మీ అమ్మ ఏటా పదకొండు తీసుకునేది. నాలుగు టైర్లకూ విడివిడిగా ప్రార్థించేది, ఆ తర్వాత స్టెప్నీకి, ఆ తర్వాత నా కోపానికి. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూస్తే, తను కళ్ళు మూసుకునే, "ప్రభువా, గడియారం చూసేవారిని కూడా జ్ఞాపకం చేసుకో" అనేది. ఎలా తెలిసేదో. ఈసారి అల్లుడు చేస్తాడు. క్లుప్తంగా మాట్లాడే మనిషి. ఏడు నిమిషాలు మిగులుతాయి.

మీ అమ్మ సీటులో సంచులు పెడదాం. ఒళ్ళో మోసుకుని కూర్చునే బాధ తప్పుతుంది.

పాస్టరుగారు ఈ నెల మూడో ఆదివారం పెద్దల కూటంలో పది నిమిషాలు మాట్లాడమన్నారు. కుటుంబ ప్రయాణం, విశ్వాసం. సరదాగా ఉండాలట. యోసేపు, మరియల గురించి చెబుదామనుకుంటున్నాను. పండుగకు వెళ్ళి తిరిగి వస్తూ, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఊళ్ళో వదిలేసి ఒక రోజంతా నడిచారు. పరిశుద్ధ కుటుంబమే తలలు లెక్కపెట్టుకోలేదు. ఒక డిపో గుమాస్తా వెంట ఉండి ఉంటే అలా జరిగేది కాదు. బాగుంటుంది కదూ?

పిచ్చుకకు ముద్దులు.

నాన్న

*

నవంబరు 13

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం జాగ్రత్త. బీపీ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో టైమ్ టేబుల్‌లో రాసుకో, అప్పుడైనా మరిచిపోకుండా ఉంటావు.

ఈసారి మేము రైల్లో వెళ్తున్నాం. టికెట్లు తీసుకున్నాం. మూడు.

అంతదూరం నువ్వు డ్రైవ్ చెయ్యడం మంచిది కాదని మీ అల్లుడి అభిప్రాయం. నా అభిప్రాయం కూడా అదే. నీ గది మాత్రం రద్దు చెయ్యొద్దని అతిథి గృహానికి రాశాను. అక్కడ నలుగురు కూర్చుని భోంచేసే బల్ల ఆ గదిలోనే ఉంది.

కూటంలో అమ్మ మీద జోకులు వెయ్యకు. ఆవిడ ఉన్నప్పుడు వేస్తే ఆవిడే ముందు నవ్వేది. ఇప్పుడు నవ్వేవాళ్ళు వేరు.

యోసేపు, మరియల సంగతి రాశావు. వాళ్ళు వెనక్కి తిరిగారు నాన్నా. ఆ ముక్క కూడా చెప్పు.

పిచ్చుక కవరు మీద ఏదో రాస్తానంటోంది. రాయనిస్తున్నాను.

నీ అమ్మడు

*

నవంబరు 21

ప్రియమైన అమ్మడూ,

వందనాలు.

మూడు టికెట్లే దొరికాయా, మూడే అడిగారా? డిపోలో పని చేసినవాడికి ఈ తేడా తెలుస్తుంది.

కవరు మీద పిచ్చుక పెన్సిలుతో రాసింది: "తాతయ్యా, మీ వ్యానులో ఎక్కకూడదని అమ్మ అంది. ఎందుకో చెప్పలేదు." అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. సంతోషం. కారణం లేని ఆజ్ఞలు ఇప్పటినుంచే అలవాటైతే పెద్దయ్యాక ఇబ్బంది ఉండదు.

కూటం బాగా జరిగింది. ముందు వరుసలో టైలరుగారు, ఆయన వెనక మీ లెక్కల టీచరమ్మ. టైర్ల ప్రార్థనకు ఆవిడ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. తర్వాత మీ అమ్మ ఆగడాల జాబితా చెప్పాను. కాలు తిమ్మిరి, కడుపులో తిప్పడం, పూల మొక్క ఫోటో, బండి ఆపమనడానికి ఏటా ఒక సాకు. "ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క ప్రయాణంలోనే ఆపమని అడగలేదు. ఆ ప్రయాణంలోనే మళ్ళీ దిగలేదు" అన్నాను. అందరూ చప్పున ఆగిపోయారు. అలా వదిలేయకూడదని, "కానీ చూడండి, ఆవిడ అందరికంటే ముందు చేరింది" అన్నాను. అప్పుడు నవ్వారు. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "ఇంత దుఃఖంలో ఇంత సంతోషం! సాక్ష్యం అంటే ఇదండీ" అన్నారు.

నువ్వు చెప్పమన్న ముక్క చెప్పలేదు. సమయం చాలలేదు.

నీకు నా మీద ఏదో ఉంది. ఏడాదిగా ఉంది. ఉత్తరాల్లో బీపీ మాత్రల గురించి రాస్తావు గానీ అది రాయవు. నాకూ ఒకటి ఉంది, అడుగుతాను. ఆ రోజు నేను ముందు సీటులో రోడ్డు చూస్తున్నాను. అల్లుడు నిద్రపోతున్నాడు. పిల్ల వెనక పడుకుంది. మీ అమ్మ పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నది నువ్వు. నీకేమీ తెలియలేదా అని నేను నిన్ను ఎప్పుడైనా అడిగానా?

టికెట్టు లేకపోతే పోనీ. వ్యానులో ఒక్కణ్ణే వస్తాను. రైలు కంటే ముందే చేరి బల్ల తుడిచి ఉంచుతాను.

నాన్న

*

నవంబరు 30

నాన్నా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కూర్చుని చదువు.

తొమ్మిదీ యాభైకి అమ్మ నా చెవి దగ్గరకు వంగి, "ఎడం చెయ్యి లాగుతోందే. దవడ కూడా పట్టేసింది" అంది. నుదురు చూస్తే చెమట. "ఆపమందామా?" అన్నాను. "వద్దులే. పదీ నలభైకి ఎలాగూ ఆపుతారు. ఇప్పుడు అడిగితే సెలవులైపోయేదాకా దెప్పుతారు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నేను చేసింది అదే.

పది దాటాక ఒక ఊరొచ్చింది. నీలం రంగు ఆసుపత్రి బోర్డు, పక్కన బాణం. నేను చూశాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపమనడానికో, ఆపొద్దనడానికో తెలియలేదు. బోర్డు వెనక్కి పోయింది. ఆ తర్వాత కాసేపటికి పట్టు వదిలింది. నిద్రపోయిందనుకున్నాను.

పదీ నలభైకి నువ్వు ఆపావు. సరిగ్గా పదీ నలభైకి.

ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడని నువ్వు అడిగితే, "మా గుమ్మంలో జరిగినా ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళం అన్నాడు" అని చెప్పాను. అబద్ధం. ఆయన అడిగింది, నొప్పి ఎప్పుడు మొదలైందని. చెప్పాను. "దారిలో పెద్దాసుపత్రి ఉంది కదమ్మా, అప్పుడే తీసుకొచ్చి ఉంటే" అని, నా ముఖం చూసి మిగతాది మింగేశాడు.

ఏడాదిగా ఇది ఒక్కదాన్నే మోస్తున్నాను. మీ అల్లుడికి కూడా చెప్పలేదు. నీకు చెప్పకపోవడానికి కారణం ఒకటే. నీకు వినపడలేదు. ఇంజను హోరు, నీ చెవులు. వినపడి ఉంటే నువ్వు ఆపేవాడివి, టైమ్ టేబుల్ చింపి పారేసి ఆపేవాడివి. ఆ ఒక్కదానికి దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. తప్పు నాది. నీకు వినపడకపోవడం తప్పు కాదు.

నువ్వు కూటంలో నవ్వించావని చదివి కాగితం నలిపి పడేశాను. మళ్ళీ తీసి సాపు చేశాను. ఆ జోకు వేసిన మనిషికి ఏమీ తెలియదు కదా అనుకున్నాను. తెలియనివాడి మీద కోపం పెట్టుకుని ఏం చేసుకోను?

ఇప్పుడు నీకూ తెలుసు. నిన్ను బాధపెట్టాలనే రాశాను, దాచను. రాసేశాక మాత్రం కాస్త ఊపిరి ఆడింది.

నాలుగో టికెట్టు ఇందులో పెడుతున్నాను. నిన్ననే తీసుకున్నాను. ఇరవయ్యో తేదీ ఉదయం. మా పక్క సీటే. నువ్వు రా నాన్నా. ఒక్కడివీ డ్రైవ్ చేసుకుంటూ రాకు. పిచ్చుక పక్కన కూర్చో.

నీ అమ్మడు

*

డిసెంబరు 16

ప్రియమైన అమ్మడూ,

టికెట్టు తిరిగి పంపుతున్నాను. ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుంది. రద్దు చేయించుకోవచ్చు.

నాకు వినపడింది.

ఇంజను హోరులో నీ మాట పోతుంది, అల్లుడి మాట పోతుంది. నలభై నాలుగేళ్ళు వెనకనుంచి విన్న గొంతు పోదు. చెయ్యి అన్నది వినపడింది. దవడ అన్నది వినపడింది. దెప్పుతారు అన్నది అన్నిటికంటే బాగా వినపడింది.

గడియారం చూశాను. యాభై నిమిషాలు. నాకు నొప్పి మాట పట్టలేదు, దెప్పుతారన్న మాట పట్టింది. కూతురి ముందు నన్ను అలా అంది. అయితే తనే అడగాలి, నాతో అడగాలి అనుకున్నాను. అడిగితే ఆపుదాం. అడగనీ. ఇదే అనుకున్నాను, అక్షరం మార్చలేదు.

నీలం బోర్డు నేనూ చూశాను. అద్దంలో వెనక్కి చూశాను. కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోంది, కదపకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. అంత భక్తి నాకు అంతకుముందు ఎన్నడూ లేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు మాట నువ్వు చెప్పినప్పుడు నీ ముఖం చూశాను. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఇంటికి వచ్చినప్పటి ముఖం. అబద్ధమని తెలిసింది. సరిగ్గా వినపడలేదన్నట్టు చెవి ముందుకు పెట్టి రెండోసారి చెప్పించుకున్నాను. హాయిగా అనిపించింది. నాకు వినపడలేదని నువ్వు నమ్ముతున్నావని కూడా అక్కడే అర్థమైంది. అది నాకు పనికొచ్చింది. ఏడాదంతా పనికొచ్చింది.

పోయిన ఉత్తరంలో నీకేమీ తెలియలేదా అని అడిగింది తెలియక కాదు. నాలో ఉన్నది నీ మీదకు తోసేద్దామని. నువ్వు మోస్తున్నావని తెలిసి, నీ నెత్తిన ఇంకాస్త ఎత్తాను.

నీ ఉత్తరం వచ్చి పదమూడు రోజులైంది. మూడుసార్లు సంచీ సర్దాను. రావచ్చు. మాట్లాడకుండా ఉంటే చాలు. నువ్వు ఏడిస్తే నేను తల నిమరాలి, నీ తప్పేం లేదమ్మా అనాలి, నువ్వు నన్ను గొప్పవాణ్ణి అనుకోవాలి. ఆ మనిషిగా రైలెక్కడం చాలా తేలిక. ఎక్కడానికి సిద్ధపడ్డాను కూడా. పిచ్చుకకు కొత్త పెన్సిళ్ళు కొన్నాను.

పాస్టరుగారికి చెప్పాను. దేవుడి దగ్గర ఒప్పుకోమన్నారు, ఆయన క్షమిస్తాడన్నారు. ఒప్పుకున్నాను. దేవుడికి చెప్పడం పెద్ద కష్టం కాదు. ఆయన ఎదురు మాట్లాడడు, ఆయనకు ఆవిడ అమ్మ కాదు.

నీ తప్పు లేదు. ఇది ఓదార్పు కాదు, జరిగింది ఇదే. నీకు ఆపే అధికారం లేదు. స్టీరింగు నా చేతిలో ఉంది, మాట నా చెవిలో ఉంది.

వ్యాను అమ్మకానికి పెట్టాను. తాతయ్యకు జలుబు చేసిందని పిచ్చుకకు చెప్పకు. నా కోసం ఇంకో అబద్ధం ఆడకు.

నాన్న

*

డిసెంబరు 24
అతిథి గృహం

నాన్నా,

నీ ఉత్తరం ప్రయాణం ముందురోజు చేరింది. టికెట్టు రద్దు చేయించాం. నీ గదికి తాళం వేయించాం. బల్ల బయటికి తీసి వేసుకున్నాం.

నీకు రాయకూడదనుకున్నాను. రైల్లో పిచ్చుక తాతయ్య ఎందుకు రాలేదని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దానికి అర్థమయ్యే మాటల్లోనే చెప్పాను గానీ ఏదీ తగ్గించలేదు. మీ అల్లుడు కిటికీ వైపు తిరిగి విన్నాడు. ఆయనకూ అదే మొదటిసారి.

పిచ్చుక ఏడవలేదు. బిస్కెట్టు తినడం ఆపి అడిగింది: "అమ్మమ్మకి తాతయ్యంటే భయమా అమ్మా?"

నాకు తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు. నలభై నాలుగేళ్ళు పక్కన ఉన్నవాడివి నువ్వు. తెలిస్తే రాయి. నాకు కాదు, దానికి. అది రోజూ అడుగుతోంది.

అమ్మడు