బోర్డు మీద లేని స్టాపు

శుక్రవారం, భోజనాలయ్యాక

రిటైరయ్యాక మొదటిసారి ఈరోజు టికెట్టు కొనుక్కుని పాలకొండ బస్సెక్కాను. ఇన్నేళ్లూ నేను నడిపిన రూటే. ఇవాళ మాత్రం మా ఆవిడ పక్కన కూర్చున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా నా కుడికాలు బ్రేకు కోసం బస్సు నేలని తొక్కుతూనే ఉంది.

“ఏటయ్యా అది? బస్సుకి కన్నమెట్టేస్తావేటి?” అని ఆవిడ ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఈ కాలికి ఇక పనేముంది అనిపించింది.

కల్వర్టు దగ్గరికి వస్తుంటే కాలు మళ్లీ తొక్కింది. అక్కడ స్టాపు లేదు. పనసకాయల తట్టలతో ఆడవాళ్లు అసలు స్టాపు దాకా ఎండలో నడవడం చూడలేక, నేనే ఆపడం మొదలుపెట్టాను. డిపోలో తిట్లు కూడా తిన్నాను. ఈ డ్రైవరు కొత్తవాడు, నేనెవరో కూడా తెలియదు. ఆపడులే అనుకున్నాను.

బస్సు ఆగింది. సరిగ్గా నేను తొక్కినచోటే.

తట్టతో ఎక్కినామె కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలా ఉంది. “ఇక్కడ స్టాపు ఉందా అమ్మా?” అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

“నేకపోడమేటి తాతా! మా అత్త ఎప్పుడూ ఇక్కడే ఎక్కుతాది. ఈ దారికి కొత్తా ఏటి?”

మా ఆవిడ నోరు తెరవబోయింది. చెయ్యి నొక్కి ఆపేశాను. దిగేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

రేపు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఇంకా తెలియదు. కల్వర్టు దగ్గర మాత్రం బస్సు ఆగుతుంది.