స్టేడియంలో నేను విన్న మాట

కిమ్, సూరత్ జిల్లా
బుధవారం

చి.ల.సౌ. వినోదకు,

నీ పెనిమిటి పరుశురాం దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, మన బిడ్డ జమున, ఆ పొగరుబోతు మేక అందరూ బాగున్నారని తలుస్తాను. మేక ఇంకా మన ఇంట్లోనే ఉంటేనే సుమా.

మల్లేష్ ఊరి నుంచి తెచ్చిన నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు కోపం వస్తుందని తెలుసు గానీ ఇంత చక్కటి అక్షరాల్లో వస్తుందని తెలియదు. అమ్మ మోకాళ్ల తైలం ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేతికే ఇచ్చాను. జమునకు సైకిల్ పండుగలోపు కొందాం, మాట ఇచ్చానని చెప్పు. ఇక మేక సంగతి. అమ్మేద్దామా అని నువ్వు వాయిస్ మెసేజ్ పెడితే "సరే" అని పంపానట. ఉంచుకుందామా అని ఇంకోటి పెడితే దానికీ "సరే" అన్నానట. "నీకు మేక కావాల్నా వద్దా, నేను కావాల్నా వద్దా" అని అడిగావు. మేక నీ ఇష్టం. నువ్వు మాత్రం కావాలి.

చివరి ప్రశ్నే కష్టమైనది. ఫోన్ ఎందుకు ఎత్తవు, ఎత్తినా ఆ, ఊ అని ఎందుకు పెట్టేస్తావు, నాతో మాట్లాడని మనిషి దగ్గరికి కాపురానికి నేనెందుకు రావాలి అని రాశావు. ఇక్కడికి రావడానికి సర్దిన సంచి విప్పేశానని కూడా రాశావు. ఆ ఒక్క ముక్క చదివాక నాకు అన్నం సహించలేదు. జవాబు ఉంది వినోదా. కానీ ముందు ఆదివారం చూసిన ఆట గురించి చెప్పనివ్వు. అది చెబితే గానీ ఇది చెప్పడానికి నాకు ధైర్యం రాదు.

మల్లేష్‌కు ఫుట్‌బాల్ పిచ్చి అని నీకు తెలుసు కదా. అహ్మదాబాద్‌లో మన దేశం జట్టు ఆడుతోందని రెండు టికెట్లు పట్టుకొచ్చాడు. "టీవీల కాదన్నా, కండ్ల ముంగట! ఒక్కసారి చూడు, జన్మల మరువవు" అన్నాడు. నాకు ఆ ఆటలో గోల్ అంటే ఏమిటో తప్ప ఇంకేమీ తెలియదు. అయినా మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మధ్య ఆదివారం కూడా ఏం కూర్చుంటానని పొద్దున్నే కిమ్‌లో రైలెక్కాను. స్టేడియం గేటు దగ్గర ఎవరో అమ్మాయి నా బుగ్గ మీద జెండా రంగులు పూసింది. నలభై ఆరేళ్ల వయసులో ఈ వేషమేమిటని సిగ్గేసింది. అమ్మకు చెప్పకు.

లోపలికి వెళ్లేసరికి కింద పచ్చటి మైదానం. ముదురు పచ్చ చార, లేత పచ్చ చార, మళ్లీ ముదురు. నేతగాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎక్కడైనా పోగు తప్పిందేమోనని వెతికాను. దొరకలేదు. జాతీయ గీతానికి అందరూ లేచినప్పుడు నా కాళ్ల కింద సిమెంటు మెట్టు సన్నగా వణికింది. ఆ వణుకు నా గుండెల దాకా ఎక్కింది. ఏడ్చాను. దాచడం ఎందుకు?

ఆట మొదలయ్యాక నాకు ఒక విచిత్రం తెలిసింది. అక్కడ ఎవరికీ ఎవరి మాటా వినబడదు! పక్కపక్కన కూర్చున్నవాళ్లే చెవిలో నోరు పెట్టి అరుస్తున్నారు, అయినా "ఏమిటి? ఏమిటి?" అని మొహాలు పెడుతున్నారు. నేను, మల్లేష్ మాత్రం హాయిగా కబుర్లు చెప్పుకున్నాం. మా కార్ఖానాలో సాంచాల మోతకు నోటి మాట పనికిరాదు కదా. పోగు తెగితే ఒక సైగ, మంచినీళ్లకు ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే మీసం మెలేయడం, మిగతాదంతా పెదవుల కదలికే. అవతలి జట్టు కోచ్ గీత దగ్గర నిలబడి చిందులు తొక్కుతుంటే మల్లేష్ మీసం మెలేశాడు. నేను నవ్వలేక చచ్చాను. రెఫరీ కూడా మాలాంటివాడే. ఏది చెప్పినా చేతులతోనే చెబుతాడు.

చెరో గోల్‌తో ఆట చివరికి వచ్చింది. గెలిస్తేనే మనవాళ్లు పెద్ద టోర్నీకి వెళ్తారని మల్లేష్ గోళ్లు కొరుకుతున్నాడు. అప్పుడు మనకు ఫ్రీ కిక్ వచ్చింది. అంటే బంతిని ఒకచోట పెట్టి, అడ్డంగా నిలబడ్డ మనుషుల మీదుగా తన్నాలి. ఏడో నంబరు ఆటగాడు బంతి దగ్గర నిలబడ్డాడు, స్టేడియమంతా అతని పేరే అరుస్తోంది. పెద్ద తెర మీద అతని ముఖం, పక్కన పదమూడో నంబరు కుర్రాడి ముఖం కనిపించాయి. పదమూడు తెలివిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడు మరిచిపోయాడు.

అతని పెదవులు హిందీలో అన్న మాట నాకు అద్దంలో చూసినట్టు తెలిసింది. నేను మల్లేష్ భుజం పట్టుకుని అరిచాను. "ఏడు ఉత్తగనే ఉరుకుతడు! కొట్టేది పదమూడు, ఎడమ దిక్కు!"

ముందు వరసలోని గుజరాతీ కుర్రాళ్ల భుజాలు తట్టి, వేళ్లతో పదమూడు లెక్కపెట్టి ఎడమ దిక్కు చూపించాను. వాళ్లు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. ఏడు పరుగెత్తాడు, బంతి మీది నుంచి దూకి వెళ్లిపోయాడు. పదమూడు కొట్టాడు. ఎడమ దిక్కు. వల ఊగింది.

వినోదా, ఆ తర్వాత ఏమైందో నేను సరిగ్గా రాయలేను. ఆ కుర్రాళ్లు నన్ను అమాంతం పైకెత్తేశారు. నా చెప్పు ఒకటి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. "కాకా, కేమ్ ఖబర్ పడీ?" ఎలా తెలిసింది కాకా అని ఒకడు అడిగాడు. ఆ మాట కూడా నేను అతని పెదవుల మీదే చదివాను. "విన్నాను" అని చెప్పాను.

ఇదే నీ ప్రశ్నకు జవాబు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి ఎవరైనా దగ్గరికొచ్చి అరిస్తే కొంచెం అందుతుంది. రెండేళ్లుగా ఇంతే. నీ ఫోన్ వస్తే గొంతు కాదు, గాలి వీచినట్టు ఏదో వచ్చేది. నీ వాయిస్ మెసేజ్‌లు చెవికి ఆనించుకుని ఏమీ అందక "సరే" అని కొట్టేవాణ్ని. చెవిటి మొగుడని నలుగురూ నిన్ను ఆడిపోసుకుంటారని భయపడ్డాను. అది నా తప్పు. నీ మీద కోపమా? నీ గొంతు మరిచిపోతానేమోనని ఎంత బెంగపడ్డానో నీకేం తెలుసు!

తిరిగొచ్చే రైల్లో మల్లేష్‌కు మొదటిసారి చెప్పాను. వాడు పెద్దగా నవ్వి, నాకు కనబడేలా నెమ్మదిగా అన్నాడు. "సాంచల కాడ ఇరువై ఏండ్లు చేసినోనికి చెవులేడుంటయే? నాయి గూడ సగం పోయినయి. నా పెండ్లాంకు ఎరుకే. నువ్వే గిట్ల దొంగ లెక్క దాస్తున్నవ్." సోమవారమే నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాడు. పోయింది తిరిగి రాదట, మిగిలింది కాపాడుకోవచ్చట. వచ్చే నెల చెవికి మిషను పెడతారు.

అప్పటిదాకా ఆగలేను. ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ చెయ్యి. కానీ బీడీల చేట పక్కన పెట్టు. నువ్వెప్పుడూ చేటలోకి తల వంచి ఆకు చుడుతూనే మాట్లాడతావు, నాకు నీ పాపిడి తప్ప ఏమీ కనబడదు. వెలుగు ముఖం మీద పడేలా గడపలో కూర్చో. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోకు. తిట్టాలనిపిస్తే రెండేళ్లవీ కలిపి తిట్టు, ఒక్క మాట కూడా పొల్లు పోనివ్వను.

తిట్టడం అయ్యాక సంచి మళ్లీ సర్దుకో.

ఇట్లు,
అంత పెద్ద స్టేడియంలో అందరికంటే ముందు విన్నవాడు,
నీ పెనిమిటి,
పరుశురాం