ఓడ దిగి నేహా ఇంటికి

అక్షరా, దగ్గరికి రా బిడ్డా, నీ ఒక్కదానికే చెబుతున్నాను. పాలు కాచి పెట్టాను, రాత్రికి తోడు వెయ్యి.

ఓడ గోవాలో మధ్యాహ్నం నుంచి ఏడింటిదాకా ఆగుతుందని నువ్వు రాసిచ్చిన కాగితం సంచిలోనే ఉంది. అందులో నువ్వు చూడమన్న కోట కొట్టేశాను. మన బీదర్ కోట చాలదా? బీచి కూడా కొట్టేశాను, ఓడలో ఉన్నంతసేపు సముద్రమే కదా.

శాంతాబాయి కూతురు నేహా అక్కడే ఉంటుంది. ఏడో నెల. మన ఊరి పిల్ల చేతిలో నాలుగు జొన్నరొట్టెలు పెట్టకుండా వస్తే శాంతాబాయికి ముఖమెట్లా చూపించను? రొట్టెలు తాత పెట్టెలో సర్దాను. ఆయన చొక్కాలు అల్మారీలో కనిపిస్తే కంగారుపడకు.

నా భయమంతా తాతతోనే. మన్నాఏఖేళ్ళి బస్టాండులో "ఒక్క చాయ్ తాగొస్త" అని దిగి, బస్సు పోయాక ఆటోలో వెంటపడి వచ్చిన మనిషి. ఓడ వెనక ఆటో రాదు కదా! ఆరింటికి ఫోన్ చెయ్యి. "ఇగో, వస్తున్న" అంటే నమ్మకు, ఫోన్ నాకియ్యమను.

నాయనమ్మ

ఒకవేళ ఓడ వెళ్లిపోతే, నేను నేహాతో మాటల్లో పడ్డానని తాత చెబుతాడు. చాయ్ వల్లే అయిందని గుర్తుపెట్టుకో. ఆయన ఇల్లు చేరకముందే అందరికీ చెప్పు.