పంపు శాసనసభది, మా ఆయన గవర్నరుగారి మనిషి

గవర్నరు గారికి,

అయ్యా,

ముందుగా నా అక్షర దోషాలనూ, ఈ కోడిగీతల దస్తూరినీ మన్నించండి. నేను చదివింది అయిదో తరగతి. పెద్ద మాటలు మా ఆయన పాత సెలవు చీటీల్లోంచి చూసి రాస్తున్నాను.

విషయం: మూడో నంబరు పంపుహౌస్ ఆపరేటరు అయిన నా భర్తకు, నా కాన్పు నిమిత్తం పది రోజుల సెలవు కోరుట గురించి.

1. తమకు మనవి చేయునది ఏమనగా, నాకు తొమ్మిదో నెల. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, పదహారో తారీకున ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పారు. "రక్తం ఎక్కించాల్సి రావచ్చు. మీ ఆయనదీ నీదీ ఒకటే రకం. మనిషి దగ్గరుండాలి" అన్నారు. ఆసుపత్రి రేవు దాటి అవతల ఉంది. పంపు రోజూ రెండు పూటలా నడవాలి.

2. సెలవు కోసం నేనూ మా అత్తగారూ మంత్రిగారి ఆఫీసుకు వెళ్ళాము. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అత్తగారే అడిగారు. అక్కడి గుమాస్తాగారు, "నీళ్ళూ పంపూ మావి పెద్దమ్మా, ఓట్లేసిన ప్రభుత్వానివి. ఉద్యోగులు మాత్రం గవర్నరుగారి కింద. మీవాడి సెలవు మా చేతిలో లేదు" అన్నారు.

3. రోడ్డు దాటి తమ ఆఫీసుకు వచ్చాము. "మీ అబ్బాయి మావాడేనమ్మా, సెలవిస్తాం. కానీ పంపు ఆగకూడదు కదా. బదులు మనిషిని పెట్టాల్సింది వాళ్ళు. పెట్టామని కాగితం పట్టుకురండి" అన్నారు. మళ్ళీ రోడ్డు దాటాము. "సెలవు మంజూరైతేనే కదా బదులు మనిషి? ముందు ఆ కాగితం తెండి" అన్నారు. ఆ రోజు ఆ రోడ్డు ఆరుసార్లు దాటాము. ఆఖరుసారి మా అత్తగారు నడిరోడ్డు మీద ఆగి, "పంపు వాళ్ళదట, తిప్పేవాడు వీళ్ళవాడట. పుట్టబోయే బిడ్డయినా మనదో కాదో, అదీ అడిగొద్దామా?" అన్నారు. ట్రాఫిక్ పోలీసు ఈల పక్కన పెట్టి నవ్వాడు. అతనూ తమ కింది మనిషేనట.

4. చెప్పకుండా వచ్చేయమని మా ఆయనను అడిగాను. "నేను రాకపోతే నాలుగు వీధుల వాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడతారే. పైగా ఉద్యోగం ఊడుతుంది" అన్నారు. అదీ నిజమే.

5. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కిందటి నెల ఆయనకు తొమ్మిది రోజులు జ్వరం. అప్పుడూ సెలవు రాలేదు. ఆ తొమ్మిది రోజులూ పంపు నేనే నడిపాను. ముందు పంపులో రెండు బిందెల నీళ్ళు పోసి, మోటారు వేసి, మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక నీళ్ళు వదిలే చక్రం మెల్లగా తిప్పాలి. మొదటి రోజు గబగబా తిప్పేసరికి ఎవరింట్లోనో కుళాయి ఊడి వచ్చిందట. ఆ తర్వాత ఏ తప్పూ జరగలేదు. పంపు పుస్తకంలో గంటలు కూడా నేనే రాశాను. తనిఖీకి వచ్చిన మంత్రిగారి ఇంజనీరు ఆ పేజీ కింద, "దస్తూరి మెరుగుపడినది. ఇటులనే కొనసాగించవలెను" అని రాసి సంతకం చేశారు. ఆ మాట ఎత్తితే మా ఆయన ఇప్పటికీ ముఖం తిప్పుకుంటారు.

6. ఇప్పుడు ఆ బదులు మనిషే ఆసుపత్రికి పోవాలి. కావున ఇంకొకరు కావాలి. తమరూ మంత్రిగారూ ఎవరు ముందు సంతకం పెట్టినా మాకు అభ్యంతరం లేదు. ఒకే కాగితం మీద ఇద్దరూ పెడితే మరీ మంచిది. ఎవరి అధికారం ఎంతవరకో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. బిడ్డ మాత్రం పదహారు దాటి ఆగదు. నాకు భయంగా ఉంది అయ్యా.

దయతో వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో నంబరు పంపు ఆపరేటరు భార్య

మరొక మనవి: సెలవు కాగితం మీద సంతకం కాగానే ఈ ఉత్తరం కాల్చేయండి. ఫైల్లో పెట్టించవద్దు. ఆ ఫైలు రోడ్డు దాటిందంటే, ఆ ఇంజనీరుగారు పంపు పుస్తకం పక్కన పెట్టి చూస్తారు. దస్తూరి ఒకటేనని తెలిసిపోతుంది. చింపి నీళ్ళలో మాత్రం వేయకండి. నీళ్ళు వాళ్ళవి.