హార్మ్ మేజోళ్లు

అమ్మా, నేనూ పిల్లలూ కులాసా, దిగులు పడకు. మా ఆయన హార్మ్‌ని గురువారం పూడ్చాం. ఈ ఒహాయోలో ఎప్పుడో జరుగుతూ వచ్చిన మంచుకొండలు నూరి పరిచిన జిగటమట్టి, నీటిని ఇంకనివ్వదు. తవ్వుతుండగానే గొయ్యి నిండి, శవపేటిక తేలింది. మరిది గెర్డ్ బూట్లతో దానిమీద నిలబడితే మట్టి పోశారు.

ఈ మట్టినే కాల్చి చేసిన గొట్టాలు నేలకింద పరిచి, ఊరందరి చేలలో నిలిచే నీళ్లు బయటికి పంపింది ఆయనే. సమాధి పక్కనా ఒక వరస గొట్టాలు వేయమన్నాను. "అక్కడేం పండిస్తావు వదినా?" అన్నాడు గెర్డ్. ఊరి మొక్కజొన్న మాత్రం పొడినేలలో నవనవలాడుతోంది.

నాన్న దగ్గు తగ్గిందా? చెల్లికి ముద్దులు. ఆయన తడికాళ్లకని అడిగిన ఉన్ని మేజోళ్లు ఇక అల్లకు. అల్లేసి ఉంటే నాన్నకి తొడుగు. ఇక్కడికి పంపితే గెర్డ్ తనకిమ్మని అడుగుతాడు.

నీ గేషె