కడగని పరీక్షనాళిక

1994 జనవరి 8, శనివారం. ఉదయగిరి.

జరిగినవి, జరిగిన క్రమంలో:

1. పదకొండు గంటలకు ఓపెన్ స్కూలు మార్కుల పత్రం పోస్టులో వచ్చింది.
2. తక్కిన సబ్జెక్టులన్నిటిలో ఉత్తీర్ణత. రసాయనశాస్త్రంలో మళ్లీ తప్పాను. ఇది రెండవసారి.
3. మా కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగానికి నా వయోపరిమితి ఈ ఏడాదితో ముగుస్తుంది. ఏప్రిల్ పరీక్ష ఆఖరి అవకాశం. తప్పితే, రిటైరయ్యే దాకా అటెండరునే.
4. అన్నం వడ్డిస్తూ నా భార్య మరియమ్మ — "ఏందయ్యా, మళ్లీ దాంట్లోనేనా? పద్దెనిమిదేండ్లు దాని గిన్నెలు తోమితివే, రవ్వంత కనికరం లేదా దానికి? నా గిన్నెలన్నా తోమింటే పుణ్యముండు."
5. నవ్వాను. అన్నం సగంలో వదిలి లేచాను.

జనవరి 10, సోమవారం

సువర్ణ మేడమ్‌కు చెప్పాను, తల వంచుకొని. ఒకప్పుడు ఇదే ల్యాబులో ఆసిడ్ సీసా ముట్టుకోవాలంటే వణికిన విద్యార్థిని. నేడు ఇక్కడే కెమిస్ట్రీ లెక్చరరు.

"దానికేందన్నా అంత మొగం వేలాడేసినారు? ఆ పొద్దు సీసా ఎట్ట పట్టుకోవాల్నో మీరు చూపించినారు. ఇప్పుడు దాంట్లో ఏముండాదో నేను చెప్తా. నాలుగున్నరకి ల్యాబులోనే కూర్చుందాం."

ఇరవై ఏళ్లు చిన్నది. కృతజ్ఞత తెలపాలనుకున్నాను. బల్ల తుడిచాను.

జనవరి 27, గురువారం

మోల్ — పదార్థాన్ని కణాల లెక్కన కొలిచే ప్రమాణం. చదివాను. అర్థం కాలేదు. మళ్లీ చదివాను. మళ్లీ కాలేదు...

ఫిబ్రవరి 15, మంగళవారం

కష్టముల జాబితా: మోల్, సంయోజకత, నిన్న చదివినది ఈ రోజు నిలవని తల.

అయినా ఈ రోజు ఒక సమీకరణం నా అంతట నేను తుల్యం చేశాను. ఎడమవైపున్న ప్రతి పరమాణువూ కుడివైపున కనిపించి తీరాలి. ఏదీ మాయం కాదు, ఏదీ ఊరికే రాదు. జీవితమంతా జాబితాలు రాసుకున్నవాడికి ఇంతకంటే ఆప్తమైన శాస్త్రం ఉంటుందా?

మేడమ్ ఎర్రపెన్నుతో ఒక్క గీత కూడా పెట్టలేదు. "అన్నా, ఎవురిదన్నా చూసి రాయలేదు గదా?" అని మాత్రం ఎగతాళి చేసింది.

మార్చి 3, గురువారం

ప్రాక్టికల్ ఉన్న ప్రతి ఉదయమూ ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని తాజాగా కలుపుతాను. నిన్నటిది పారబోస్తాను. పద్దెనిమిదేళ్లుగా. కలపమన్నారు, కలిపాను. ఎందుకో అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఈ రోజు తెలిసింది. గాలిలోని ఆక్సిజన్ సోకి ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది. లేత ఆకుపచ్చ పోయి పసుపుకు తిరుగుతుంది. అప్పుడు లవణంలో నైట్రేట్ ఉందో లేదో చూపే గోధుమరంగు వలయాన్ని నమ్మలేము.

ఒక్క వాక్యం. పద్దెనిమిదేళ్ల ఉదయాలన్నిటికీ అర్థం వచ్చింది. కళ్లు తడిశాయి — ఆవిరి వల్ల అని మేడమ్‌తో అన్నాను. బర్నర్ వెలిగించనే లేదు.

ఏప్రిల్ 9, శనివారం

ఆత్మకూరు. రాతపరీక్ష. మోల్ లెక్క వచ్చింది. చేశాను. సరిపోయింది — అనుకుంటున్నాను.

ఏప్రిల్ 20, బుధవారం

మొదటి బస్సులో ఆత్మకూరు. ప్రాక్టికల్. నాకిచ్చిన తెల్లటి లవణంలో నైట్రేట్ ఉందని అనుమానం. ద్రావణం, ఫెర్రస్ సల్ఫేట్. నాళిక గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, బొట్టుబొట్టుగా. వలయం ఏర్పడింది. చక్కగా, ఉంగరంలాగ. పుస్తకంలో రాసుకున్నాను.

తరువాత — ఈ చేతులను ఏమనాలి? — నాళికను సింకులో ఒంపి, కడిగి, స్టాండులో బోర్లించాను. శుభ్రంగా. అలవాటు.

ఎగ్జామినరు వచ్చారు. "ఏదండీ రింగు?"

"కడిగేసినాను సార్."

"చూపీకుండానా?" గడియారం చూసుకున్నారు. "పదిహేను నిమిషాలుండాది. మళ్లీ చెయ్యండి."

బల్లమీది ఫెర్రస్ సల్ఫేట్ సీసా వైపు చేయి చాచి, ఆగాను. మధ్యాహ్నానికి అది పసుపుకు తిరిగింది. తాజాగా కలుపుకుంటానని అనుమతి అడిగాను.

"ఎందుకు?"

ఆ ఒక్క వాక్యం చెప్పాను. ఆయన ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాల సీసా నా ముందుకు జరిపారు.

వలయం మళ్లీ వచ్చింది, మొదటిదానికంటే పలుచగా. ఆయన ఇంకా అవతలి బల్ల దగ్గరే. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. అంత కష్టం మోల్ లెక్కలోనూ పడలేదు. వచ్చారు, వంగి చూశారు, ఏదో రాసుకున్నారు. ఎంత వేశారో కనిపించలేదు.

గంట కొట్టారు. అలవాటుగా నాళిక అందుకోబోయాను. అక్కడి అటెండరు నా చేయి పట్టుకున్నాడు. ఉదయం మాటల్లో చెప్పాను, నేనూ అటెండరునేనని.

"ఆడ పెట్టన్నా. ఈ పొద్దు కడిగేది నేను."

పెట్టాను. తలుపు దగ్గర ఒకసారి తిరిగి చూశాను. వలయం ఇంకా ఉంది. ఫలితం ఎప్పుడు వస్తుందో తెలియదు. రేపు ఉదయం మా ల్యాబులో ఫెర్రస్ సల్ఫేట్ కలపాలి — ఎందుకో తెలిసి.

సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు. ఉదయగిరి.
తాళ్లూరి దేవదానం