హదగ్ కింద వెలిగిన దీపం

అమ్మకు, నేను క్షేమంగా అల్తాయ్ చేరాను. ఎవరేం చెప్పినా కంగారుపడకు.

ఆర్వైహీర్ ఊరు దాటాక వ్యాన్‌లో ఇంజన్ హెచ్చరిక దీపం వెలిగింది. ఆపితే ఈ చలికి మళ్లీ స్టార్ట్ కాదని భయపడి, అద్దానికి నువ్వు కట్టిన నీలం పట్టు హదగ్ కండువా విప్పి ఆ దీపం మీద కప్పేసి నడిపాను. ముందు సీట్లో మనవరాలిని ఒళ్లో పెట్టుకున్న దులాం అవ్వ అది చూసింది. "మీ అమ్మ దీవించి కట్టిన దాన్ని కళ్లకు గంతలు చేసుకున్నావా, నాయనా?" అంది.

బండి ఆపి చూస్తే ఆయిల్ గొట్టం పగిలి, అడుగున చుక్కే మిగిలింది. ఇంకాస్త దూరం పోతే ఇంజన్ బిగుసుకుపోయేది. ఆ మంచులో తొమ్మిదిమందిమి ఏమయ్యేవాళ్లమో. వెనక వచ్చిన లారీవాళ్లు గొట్టానికి కట్టు కట్టి ఆయిల్ పోశారు.

తెల్ల మేక ఈనిందా? చెల్లికి దగ్గు తగ్గిందా? గొర్రెబొచ్చు మేజోళ్లు ఇంకో జత పంపు. తాతయ్య పలకరింపుగా నశ్యం డబ్బీ అందిస్తే నా వంతు కూడా పీల్చు.

హదగ్ మళ్లీ అద్దానికే కట్టాను. ఈసారి నన్ను సాగనంపుతూ చక్రాల మీద దీవెనగా పాలు చల్లే ముందు, ఏ దీపమైనా వెలుగుతోందా అని అడుగు. నీకైతే అబద్ధం చెప్పలేను.

నీ గన్‌జోరిగ్